ఏడో ఇంటి వయొలిన్

పృథ్వీరాజ్ కొట్లో ఆటల మీద వాదన మొదలైందంటే టీలు చల్లారిపోవాల్సిందే. గురువారం సాయంత్రం కూడా అదే జరిగింది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర సందులో మేడ మీది గది అది. గోడ వారన వరసగా కంప్యూటర్లు, వాటి ముందు తోలు చిట్లిన కుర్చీలు, కిటికీ అద్దాలకి నల్ల కాగితం. బయట ఎండ ఉందో వాన పడుతోందో లోపలివాళ్ళకి తెలియదు. దీక్షిత్‌కి ఆ గది నచ్చడానికి కారణం అదొక్కటే. డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తపరీక్షల రిపోర్టులు ప్రింటు తీసి కవర్లలో పెట్టి ఇవ్వడం అతని ఉద్యోగం. పనైపోయాక ఇంటికి వెళ్ళాలనిపించదు. ఇక్కడికి రావాలనీ అనిపించదు. కాళ్ళు ఇటు లాక్కొస్తాయి, అంతే.

"నెలకోపాలి చందా కట్టి పడేస్తే వందల ఆటలు" అంటున్నాడు నరేష్. అతనిది కోటబొమ్మాళి. ఇక్కడ ఫైనాన్సు కంపెనీలో పనిచేస్తూ, జీతంలో సగం ఆటలకే తగలేస్తాడని పేరు. "ఇంతకన్నా ఏటి కావాల్రా మనిసికి?"

"అద్దికొంపరా అది" అన్నాడు పృథ్వీరాజ్ కీబోర్డు బోర్లించి దులుపుతూ. అందులోంచి జంతికల ముక్కలు రాలాయి. "గోడకి మేకు కొట్టుకోడానికుండదు. ఇంటాయన ఖాళీ సెయ్యమంటే తట్టాబుట్టా సర్దుకోవాల. నేను కొనుక్కున్న సీమల ఆట సూడు, పదేళ్ళయినా నాదే. ఇద్దరే మనుషులు కూకుని సేసిన ఆట. ఇప్పటికీ ఆడతన్నాను."

"సీమల్ని పెంచడం కూడా ఓ ఆటేటి? మా ఇంట్లో పంచదార డబ్బా మూత తీస్తే సాలు" అన్నాడు నరేష్. "నా స్టేషన్ ఆట ఉన్నాది సూడు. ఒకటే ప్లాట్‌ఫారం, ఒకడే స్టేషన్ మాస్టరు. ఒక్క బండీ టయానికి రాదు. అచ్చం మా ఊరి స్టేషనే."

శ్రావణి నవ్వింది. ఆ అమ్మాయి బట్టల షోరూములో పనిచేస్తుంది. కొత్తవలస బండి వచ్చేదాకా ఇక్కడ కూర్చుంటుంది. ఆడపిల్ల ఆటల కొట్టుకొస్తోందేమిటని ఎవరో అంటే, "నీ కొట్టుకి రాలేదు కదా" అని నోరు మూయించిన మనిషి. "నీకు కొనుక్కునే తాహతుంది, మాట్లాడతావు పృథ్వీ. మొన్న నేనాడిన పడవ ఆట పేరైనా ఎప్పుడన్నా విన్నామేటి మనం? అద్దికిచ్చేవోళ్ళు పెట్టబట్టి ఆడేను. సిన్న కంపెనీల ఆటలు నాబోటోళ్ళ దాకా ఎలా వస్తాయి లేకపోతే?"

"వస్తాయి, పోతాయి. నీ దీపాల ఆట ఆదివారంతో పోతన్నాది, సూసుకున్నావా?"

శ్రావణి ముఖం చిన్నబోయింది. చూసుకుంది మరి. ఆట బొమ్మ మీద 'త్వరలో వెళ్ళిపోతుంది' అన్న ముక్క వచ్చి వారమైంది. దాని అసలు పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటుంది. వీళ్ళకి మాత్రం అది దీపాల ఆట.

"నీకేది ఇష్టంరా దీక్షితూ?" అని పృథ్వీరాజ్ అడిగాడు, పిల్లాడు మరీ మూగమొద్దులా కూర్చున్నాడని.

"ఏదైనా ఒకటే" అన్నాడు దీక్షిత్.

అబద్ధం కాదు. శ్రావణమాసంలో నాన్నగారు పోయిన దగ్గర్నుంచీ అతనికి ఏదైనా ఒకటే. అనంతపద్మనాభంగారంటే ఊళ్ళో వయొలిన్ మాస్టారు. ఆయన పాడె పట్టినప్పుడు కొడుకు కంట్లోంచి చుక్క రాలలేదు. పదోరోజునా రాలలేదు. పిల్లాడు బిగబట్టాడన్నారు కొందరు. రాతిగుండె అన్నారు ఇంకొందరు. బిగబట్టిందీ లేదు, పాడూ లేదు. ఏడుపు రావాలంటే లోపల ఏదో ఒకటి కదలాలి కదా, అది కదలలేదు.

"అయితే ఇలా రా. పోయేలోగా నా ఆట ఓపాలి ఆడు" అని శ్రావణి తన కుర్చీ ఇచ్చి హెడ్‌ఫోన్ అతని చెవులకి తగిలించింది. కాదనడానికి కూడా ఓపిక కావాలి. అతను కూర్చున్నాడు.

కొండవాలున ఒక ఊరు. ఒక ముసలాయన గడపగడపకీ వెళ్ళి లాంతరు వెలిగిస్తాడు. వెలిగించాక కాసేపు అక్కడే నిలబడితే ఆ ఇంట్లోంచి చప్పుళ్ళు వినిపిస్తాయి. ఒక ఇంట్లో పిండి రుబ్బుతున్నారు. ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాం కీచులాట. ఇంకో ఇంట్లో ఎవరో దగ్గుతున్నారు. పాయింట్లు లేవు, శత్రువులు లేరు.

"దీంట్లో సావడం లేదు, సంపడం లేదు. ఇదేం ఆటే తల్లీ" అన్నాడు నరేష్ వెనకనుంచి.

"ఆగడమే ఆట. నీకు సేతకాదు" అంది శ్రావణి.

ఏడో ఇంటి దగ్గర ముసలాయన లాంతరు వెలిగించి నిలబడ్డాడు. లోపల ఎవరో చిన్నపిల్ల వయొలిన్ మీద సరళీ వరసలు వాయిస్తోంది. రిషభం దగ్గర వేలు పైకి పడి స్వరం కీచుమంది. పిల్ల ఆగలేదు. ఇంకో వయొలిన్ వచ్చింది, పెద్దవాళ్ళది. వచ్చి, సరైన స్వరం వాయించలేదు. పిల్ల వాయించిన తప్పు స్వరమే పిల్లతో కలిసి వాయించింది. కాసేపు ఇద్దరూ తప్పులోనే ఉన్నారు. అక్కణ్ణుంచి పెద్ద వయొలిన్ మెల్లగా కిందికి జారి అసలు రిషభం మీదికి వచ్చింది. పిల్ల కూడా వెనకే జారి వచ్చింది. వెనక ఎక్కడో నూతి గిలక కీచుమంది.

దీక్షిత్ మౌస్ వదిలేశాడు. హెడ్‌ఫోన్ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ముసలాయన కదలకుండా ఏడో గడపలో నిలబడే ఉన్నాడు. పాఠం మళ్ళీ మొదలైంది.

"అక్కడ వెనకాల ఓ గలగల ఉంటాది, విన్నావా? లాంతరు గొలుసనుకుంటాను. బలే ఉంటాది" అంది శ్రావణి.

"మా నాన్నగారు" అన్నాడు దీక్షిత్.

"ఎవురు?"

"వాయించేది మా నాన్నగారు. అది మా ఇల్లు. ఆ గిలక మాదే."

ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నారు. దీక్షిత్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తప్పు దగ్గరికి తనే వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు పిల్లల్ని స్వరంలోకి తేవడం అనంతపద్మనాభంగారి పద్ధతి. ఊళ్ళో ఇంకెవరూ అలా చెప్పరు. సంతాపసభలో ప్రతివాళ్ళూ దాని గురించే మాట్లాడారు. గౌతమి అయితే మైకు పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఆయన శిష్యురాలు, ఇప్పుడు సొంతంగా క్లాసులు నడుపుతోంది. "మా గురువుగారు తప్పుని తిట్టలేదు, తప్పుదాకా నడిచి వచ్చారు" అంది. హాలంతా చప్పట్లు కొట్టింది.

దీక్షిత్ చెప్పని సంగతి ఒకటుంది. ముందు వరసలో కూర్చుని ఆ మాటలు వింటూ, వీళ్ళు చెబుతున్న ఆ మనిషి మా ఇంట్లో ఎప్పుడుండేవాడా అనుకున్నాడు. ఎనిమిదో ఏట తనని కూర్చోబెట్టుకున్న మనిషి వేరు. తప్పు పడితే వయొలిన్ కమాను కర్ర వేళ్ళ మీద పడేది. రెండు నెలలకే "వీడికి రాదు" అని లేపేశారు. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. ఇప్పుడు ఈ ఏడో ఇంట్లో, అందరూ చెప్పిన ఆ మనిషి ఉన్నాడు. ఉన్నాడన్నమాట. అబద్ధం కాదన్నమాట. ఎవరి పిల్లో గానీ దాని తప్పులో దానితోపాటు అంతసేపు ఉన్నాడు. నెలల తర్వాత దీక్షిత్ లోపల ఏదో చిన్నగా మెదిలింది.

ఆట చివర పేర్లు వచ్చాయి. శబ్దాలు మురళీమోహన్ అని ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో, వయొలిన్ పాఠం రికార్డు చేసిన చోటు విజయనగరంలో ఒక పాత ఇల్లు అని ఉంది.

"ఇల్లు గుర్తుంది గానీ మనిసికి పేరు లేదేటి?" అన్నాడు నరేష్. అతనికి నిజంగానే కోపం వచ్చింది. "అడగాల్రా. గట్టిగా అడగాల."

శ్రావణి అప్పటికే కంపెనీకి మెసేజ్ రాస్తోంది. బండి టైమయిందని గుర్తుచేస్తే చెయ్యి ఊపింది.

మర్నాడు మధ్యాహ్నం దీక్షిత్ కౌంటర్లో ఉండగా, శ్రావణి మెసేజ్ చూసి మురళీమోహన్ ఫోన్ చేశాడు. బెంగళూరు నుంచి. ఎదురుగా బల్ల మీద షుగర్ పరీక్షకి వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. దీక్షిత్ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కవర్లు సర్దుతూ విన్నాడు.

"నాది బొబ్బిలి బాబూ. మీ నాన్నగారి దగ్గర రెండేళ్ళు నేర్చుకున్నాను. నువ్వప్పటికి బాగా సిన్నోడివి. నా వంతు వచ్చేదాకా మీ నూతిగట్టు కాడ కూకునేవోణ్ణి. కొత్తగా ఫోన్ కొనుక్కున్నాను, దాంట్లో రికార్డు చేసుకోవచ్చని తెలిసి ఏది వినబడితే అది రికార్డు చేసేవోణ్ణి. గోడవతల పాఠం అలా దొరికింది."

"లోపలికి వెళ్ళి చూళ్ళేదా మీరు?"

"మాస్టారింట్లో తొంగిచూసే దైర్యం ఎవుడికుందయ్యా?" అని నవ్వి, వెంటనే గొంతు తగ్గించాడు. "ఆయన పోయారని తెలీదు నాకు. పేరు వెయ్యాలని తట్టనేలేదు. సిగ్గుగా ఉంది. ఆదివారం ఆట నెలచందా ఆటల్లోంచి తీసేస్తన్నారు కదా, ఆ మద్దేనం మేం ఆఖరి అప్‌డేట్ ఒకటి పెడతన్నాం. తర్వాత మా కంపెనీయే ఉండదు, అందరం తలోదారి. ఆట కొనుక్కున్నోళ్ళ దగ్గర మాత్రం ఉంటాది. పేరు ఎలా రాయాలో ఈలోగా పంపు. అక్షరం పొల్లు పోకుండా వేస్తాను."

ఆ సాయంత్రం కొట్లో పేరు ఎలా వెయ్యాలన్న దాని మీద చర్చ. వయొలిన్ విద్వాంసులు అని ముందుండాలని పృథ్వీరాజ్. గురువుగారు అనే ఉండాలని శ్రావణి. నరేష్ ఉన్నట్టుండి, "నేనీ ఆట కొనేస్తన్నాను" అన్నాడు.

"అద్దికొంప వీరుడివి, నువ్వా?" అన్నాడు పృథ్వీరాజ్.

"మనోడి నాన్న పేరు పడతాది దీంట్లో. ఆదివారం తర్వాత తెరిసి సూడ్డానికి ఉండాలా వద్దా?" అని నరేష్ ముఖం తిప్పుకున్నాడు. అద్దె మేలా సొంతం మేలా అన్న వాదన ఆ పూట ఇంకెవరూ ఎత్తలేదు.

దీక్షిత్ వాళ్ళ ముగ్గుర్నీ చూశాడు. తన కోసం వాళ్ళకి అంత ఉత్సాహం ఎలా వచ్చిందో అతనికి అర్థం కాలేదు. బాగుంది అనుకున్నాడు. అనుకోవడమే తప్ప బాగున్నట్టు తెలియలేదు. మెదిలిందల్లా ఒక్కటే, అది ఏడో ఇంటి దగ్గరే ఉండిపోయింది.

"అమ్మకి వినిపించేవా?" అని అడిగింది శ్రావణి.

లేదు. ఆ ఊహే రాలేదు. పృథ్వీరాజ్ తన లాప్‌టాప్‌లో ఆట ఎక్కించి సంచీలో పెట్టి ఇచ్చాడు. శనివారం ఆలస్యంగా పని తెమిలింది, ఇంటికెళ్ళేసరికి అమ్మ పడుకుంది. దాంతో ఆదివారం పొద్దున్నే దాన్ని తెరిచాడు.

లక్ష్మీకామేశ్వరి వెనక వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ముందు గదిలోకి ఆవిడ పెద్దగా వెళ్ళదు. అక్కడ నాన్నగారి ఫొటో, దండ, పెట్టెలో వయొలిన్ ఉన్నాయి. నూతిని ఎప్పుడో పూడ్చేశారు. గిలక మాత్రం చూరుకి వేలాడుతూ తుప్పు పట్టింది.

"అమ్మా, నాన్నగారి పాఠం ఒకటి దొరికింది" అన్నాడు దీక్షిత్. లాప్‌టాప్ ఎదురుగా పీట మీద పెట్టి ముసలాయన్ని నడిపించుకుంటూ ఏడో ఇంటికి తీసుకెళ్ళాడు. పేరు వెయ్యడం, మధ్యాహ్నంలోగా పంపడం, అన్నీ చెప్పాడు. ఆవిడ తలెత్తలేదు. "ఈ ముసలాయనెవర్రా, పొద్దుటే దీపాలు పెడుతున్నాడు" అంది.

వయొలిన్ మొదలైంది. పిల్ల తప్పు వాయించింది. పెద్ద వయొలిన్ ఆ తప్పు దగ్గరికి వచ్చింది.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ సగం ఈనెతో ఆగిపోయింది.

"మళ్ళీ పెట్టు" అంది.

మళ్ళీ పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఎడమచెయ్యి నెమ్మదిగా వచ్చి కుడి మణికట్టు పట్టుకుంది. అక్కడేమీ లేదు. పదోరోజున తీసేసిన తర్వాత ఆ చేతికి ఏమీ వేసుకోలేదు.

"ఆ గలగల ఏవిటనుకుంటున్నావు?"

"లాంతరు గొలుసు. ఆటలోది."

"లాంతరు గొలుసు తాళంలో పడుతుందిట్రా? కమాను తిరిగినప్పుడల్లా పడుతోంది, విను. గాజులవి. మీ నాన్న చేతికి గాజులెక్కణ్ణుంచి వస్తాయి?"

దీక్షిత్ విన్నాడు. కమాను వెనక్కి తిరిగినప్పుడల్లా మట్టిగాజుల చప్పుడు. ఇన్నిసార్లు విన్నాడు, అంత స్పష్టంగా ఉన్నది వినబడలేదు. ఈ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి.

"నువ్వా?" అన్నాడు.

"ఆ పిల్ల గౌతమి. దానికెప్పుడూ రిషభం దగ్గర వేలు పైకి పడేది" అని ఆవిడ ఈనె లాగి పారేసింది. "ముందు గదిలో ఆయన పెద్దవాళ్ళకి పాఠం చెబుతుంటే చిన్నవాళ్ళని ఈ వెనక గదిలో నా దగ్గర కూర్చోబెట్టేవారు. నా గొంతు అక్కడికి వినబడకూడదు. ఇలా కాదమ్మా, అలా కాదమ్మా అని దిద్దడానికి లేదు. అందుకని వాళ్ళెక్కడ తప్పితే నేనూ అక్కడికి వెళ్ళేదాన్ని."

"అది నాన్నగారి పద్ధతని సభలో అందరూ..."

"ఆయనకంత ఓపికేదిరా? గొప్ప విద్వాంసుడు. ఓపిక మాత్రం లేదు." ఆ మాటలో కోపం లేదు, కూరలో ఉప్పు చాలలేదన్నట్టే అంది.

"గౌతమికి తెలియదా?"

"చిన్నపిల్ల అప్పటికి. మర్చిపోయి ఉంటుంది." ఈనెలు ఒక పక్కకి తోసింది. "గుర్తున్నా మైకులో ఏం చెబుతుంది? పెరటివైపు నేర్చుకున్నానని ఎవరు చెప్పుకుంటారు?"

"మరి ఎందుకు మానేశావు?"

"పిల్లలు పెద్దయ్యాక కూడా నా దగ్గరే ఉంటామన్నారు, ముందు గదిలోకి వెళ్ళం అన్నారు. ఆయనకి నచ్చలేదు. వయొలిన్ అటక ఎక్కించాను."

పాఠానికి వచ్చిన పిల్లల్ని అమ్మ కాసేపు సముదాయించేదని ఇంట్లో అనేవారు. దీక్షిత్ ఆ మాట చాలాసార్లు విన్నాడు. తనకి ఊహ తెలిసేసరికి అమ్మ చేతిలో గరిటె తప్ప వయొలిన్ చూడలేదు. ఏడో ఇంట్లో దొరికాడనుకున్న నాన్నగారు లేచి వెళ్ళిపోయారు. మిగిలింది కమాను కర్ర నాన్నగారే. మెదిలింది కాస్తా అణిగిపోతుందనుకున్నాడు. ఫోన్ మోగింది. నరేష్ మెసేజ్. 'పేరు పంపేవేటి?'

"ఏమని పంపను?" అన్నాడు. అడుగుతూనే జవాబు తెలుసనుకున్నాడు. పోయినవారి పేరే ఉండనీరా అంటుంది, ఊళ్ళో అందరికీ తెలిసిందే కదా అంటుంది. తను సరేనంటాడు, ఏదైనా ఒకటే.

ఆవిడ ఇంకో చిక్కుడుకాయ తీసుకుని రెండు వైపులా ఈనె లాగింది.

"నిజంగా రాస్తారా పేరు? అందరికీ కనబడుతుందా?"

"కనబడుతుంది."

"అయితే నాది రాయి" అంది లక్ష్మీకామేశ్వరి. "పూర్తిగా రాయి. మాస్టారి భార్య అని రాయకు."

దీక్షిత్ ఫోన్ తీసుకుని టైపు చేశాడు. ఒక్కో అక్షరం ఆవిడకి చూపించాడు. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని కూడబలుక్కుని చదివి, ఊఁ అంది. పంపాడు. నిమిషంలోనే మురళీమోహన్ నుంచి జవాబు వచ్చింది. 'అమ్మగారా? అయ్యో. వేస్తాను.'

"నాకూ అలాగే చెప్పావా?" అని అడిగాడు దీక్షిత్. ఎందుకడిగాడో తెలియదు.

"నీకు మరీనూ. ఆయన దగ్గర కూర్చోబెట్టకముందు, బాగా చిన్నప్పుడు. నీకు గాంధారం నిలిచేది కాదు. నీ తప్పులో నీతోపాటు చాలాసేపు కూర్చోవాల్సి వచ్చేది. తొందరేముంది అనుకునేదాన్ని." ఆవిడ లాప్‌టాప్ వైపు గడ్డం ఎత్తింది. "ఇంకోసారి పెట్టు."

పెట్టాడు. పిల్ల తప్పు వాయించింది. ఆవిడ కుడిచెయ్యి తనకి తెలియకుండానే గాలిలో కమాను లాగింది, వెనక్కి తిప్పింది. లాప్‌టాప్‌లో గాజులు గలగలమన్నాయి. వసారాలో ఆ చెయ్యి చప్పుడు లేకుండా తిరిగింది. దీక్షిత్ ఆ బోసి మణికట్టు వైపు చూశాడు. శ్రావణం నుంచీ ఈ ఇంట్లో ఏదో వినబడటం లేదని అతనికి అనిపిస్తూనే ఉంది. అదేమిటో ఇప్పుడు తెలిసింది. గొంతులోంచి వింత చప్పుడు ఒకటి బయటికి వచ్చింది. అది తనదేనని తెలిసేలోపు కళ్ళు నిండిపోయాయి. తలొంచుకుని, చిన్నపిల్లాడిలా భుజాలు కదిలిపోతూ ఏడ్చాడు.

ఊరుకో అని లక్ష్మీకామేశ్వరి అనలేదు. పీట జరుపుకుని అతని పక్కకి వచ్చి కూర్చుని, తనూ ఏడ్చింది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, చిక్కుడుకాయల పళ్ళెం ఇద్దరి మధ్యకీ లాగి, ఒక కాయ తీసి ఈనె లాగింది. కాసేపటికి దీక్షిత్ కూడా ఒక కాయ తీసుకున్నాడు.